ఇంట కష్టము వచ్చినపుడు పసివాని అల్లరి: నవ్వు అను ఔషధము

నా వైద్యశాలకు వచ్చు స్త్రీలలో కొందరు మందు పొట్లము చేత పుచ్చుకొని గడప వరకు వెళ్లి, మరల వెనుకకు వచ్చి ఒక్క మాట అడుగుదురు. ఆ మాట అడుగుటకే వారు వచ్చిరని నాకు అప్పుడు తెలియును.

"మా మామగారు మంచాన ఉన్నారండి. ఇంట్లో అందరికీ దిగులే. కాని మా చిన్నాడు చేసే పనులు చూస్తుంటే నవ్వు ఆగడం లేదు. ఇలాంటప్పుడు నవ్వడం తప్పు కాదా అండి?"

తప్పు కాదు. అది ఔషధము. అయితే ప్రతి ఔషధమునకును ఉన్నట్లే దీనికిని మోతాదు, అనుపానము, పథ్యము కలవు. నలుబది సంవత్సరములుగా పరుల ఇండ్లకు ఈ మాట చెప్పుచు వచ్చిన నేను, మా ఇంటికే కష్టము వచ్చినపుడు దానిని మరచితిని. ఆ మరపు వలన ఒక పసివాడు బాధపడినాడు. ఆ సంగతి దాచక చెప్పిననే ఈ పాఠము పాఠకులకు ఉపయోగపడునని తలచి వ్రాయుచున్నాను.

శాస్త్రము ఏమి చెప్పుచున్నది?

చరక సంహిత సూత్రస్థానము 25వ అధ్యాయమున, ఏయే కార్యమునకు ఏది ప్రధాన కారణమో ఆచార్యుడు వరుసగా చెప్పినాడు. అందు రోగమును పెంచువానిలో విషాదము మొదటిది. శరీరమును ఎండగట్టువానిలో శోకము, తృప్తిని కలిగించువానిలో హర్షము ముఖ్యములు. విషాదము కేవలము మనసునకు సంబంధించినదని, మందులు మాత్రమే శరీరమునకు పనిచేయునని మన ప్రాచీనులు విడదీయలేదు.

విమానస్థానము 2వ అధ్యాయమున మరియొక విశేషము కలదు. మితముగా తిన్న పథ్యాహారము కూడ చింత, శోకము, భయము, క్రోధము, అసుఖమైన పడక, రాత్రి జాగరణము అను కారణములచేత జీర్ణము కాదు. రోగి ఉన్న ఇంట ఈ ఆరును ఒక్కసారిగా చేరును. అందుచేతనే రోగికి సేవ చేయువారికి పది దినములలో ఆకలి మందగించి, కడుపు ఉబ్బి, నిద్ర తప్పి, వారును రోగులగుదురు. అదే స్థానము 5వ అధ్యాయమున రసవహ స్రోతస్సులు చెడుటకు గురు, శీత, అతిస్నిగ్ధ ఆహారములతో పాటు అతిచింతయు కారణముగా చెప్పబడినది.

చికిత్సాస్థానము 19వ అధ్యాయము చూడుడు. భయముచేతను శోకముచేతను పుట్టిన అతిసారమునకు వాతహర చికిత్సతో పాటు హర్షణము, ఆశ్వాసనము అను రెండును విధింపబడినవి. అనగా సంతోషపెట్టుట, ధైర్యము చెప్పుట. ఇవి మర్యాద కొరకు చెప్పిన మాటలు కావు, చికిత్సలో భాగములు.

అట్లని ఏడుపును మ్రింగి నవ్వుమని శాస్త్రము చెప్పలేదు. సూత్రస్థానము 7వ అధ్యాయమున, ఆపరాని వేగములలో కన్నీటి వేగము కూడ ఒకటి. దానిని బలవంతముగా ఆపినచో పీనసము, నేత్రరోగము, హృద్రోగము, అరుచి, తల తిరుగుట కలుగునని చెప్పి, అందుకు ప్రతిక్రియలుగా నిద్రను, ప్రియమైన కథలను కూడ పేర్కొన్నాడు. కన్నీరు కారవలసినపుడు కారవలెను. నవ్వు వచ్చినపుడు రావలెను. ఈ రెండింటికిని వైరము లేదు.

ఇంటిలో పసివాడున్నచో ఆ ప్రియకథ కొరకు పురాణము చదువు పండితుని పిలువనక్కరలేదు. వాడు దినమునకు పది కథలు తానే కల్పించును. వానిని వినుటకు మనకు తీరిక ఉండవలెను, అంతే.

మా ఇంటి కథ

2018వ సంవత్సరము మాఘమాసమున ఒక తెల్లవారుజామున మా గృహిణి వాకిట ముగ్గు వేయుచుండెను. నేను అరుగుమీద కూర్చుండి కషాయమునకు సరకులు ఏరుచుంటిని. ఆమె చేతి నుండి ముగ్గుపిండి గిన్నె జారినది. పిలువగా నా వైపు తిరిగినది. ముఖము ఒక ప్రక్కకు వంకర పోయినది. మాట ముద్దగా వచ్చినది. కుడి చేయి లేవలేదు.

మా శాస్త్రమున పక్షవధమునకు చికిత్స కలదు. కాని ఆ మొదటి గంటలు తైలములకు, కషాయములకు చెందినవి కావు. రక్తపు గడ్డ అడ్డుపడిన పక్షవాతములో ఆ గడ్డను కరగించు సూదిమందు లక్షణములు కనబడిన నాలుగున్నర గంటలలోపుననే ఈయవలెను. అది ఈయదగునో కాదో తల స్కానింగ్ చూచిన వైద్యులే నిర్ణయింపగలరు. కనుక 108 వాహనమును పిలిపించి ఆమెను కాకినాడలోని ఒక పెద్ద ఆసుపత్రికి చేర్చితిమి. పాఠకులు ఇట్టి సమయమున ముఖము వంకర, చేయి బలహీనత, మాట తడబాటు, ఈ మూడింటిలో ఏ ఒక్కటి హఠాత్తుగా కనబడినను ఇంటి వైద్యముతో కాలయాపన చేయరాదని మొదట గ్రహింపవలెను.

తొమ్మిది దినముల తరువాత ఆమె ఇంటికి వచ్చినది. ప్రాణభయము తీరినది. కుడి కాలు, చేయి స్వాధీనములో లేవు. మాట కొంత వచ్చుచున్నది గాని ఒకటి చెప్పబోయి మరియొకటి చెప్పుచున్నది. తల్లికి సేవ చేయుటకు మా అమ్మాయి నాలుగేండ్ల కుమారునితో అంతకు ముందే సంక్రాంతికి వచ్చినది ఉండిపోయినది.

ఇంట మాట లేదు. నేను మందుల వేళలు తప్ప మరేమియు పలుకుట లేదు. అమ్మాయి వంటింటిలో ఏడ్చి, ముఖము కడుగుకొని వచ్చి తల్లికి అన్నము తినిపించుచున్నది. ఈ నిశ్శబ్దములో మనుమడు ఒక్కడే తిరుగుచున్నాడు.

నా పొరపాటు

నాలుగవ నాటి మధ్యాహ్నము నేను కునుకు తీయుచుండగా వాడు నా చిన్న కల్వమును దింపి, పసుపు, అటుకులు, తులసి ఆకులు వేసి నూరి, పాత పంచాంగపు కాగితములలో పొట్లములు కట్టినాడు. ఇంటిల్లిపాదికి పంచినాడు. పాలు పోయవచ్చిన మనిషికి ఒకటి ఇచ్చి, "పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. చింతపండు తినకూడదు" అని పథ్యము కూడ చెప్పినాడు. పెరటి దూడ నాడి చూచి, "దీనికి వాతం" అని నిర్ణయించినాడు.

నేను లేచి చూచునప్పటికి ఒక పొట్లములో మా గృహిణి రక్తపోటు మాత్ర కనబడినది. నా గుండె ఆగినంత పని అయినది. ఆ భయము నోట కోపమై వచ్చినది. "అమ్మమ్మ అలా పడి ఉంటే నీకు ఆటలా? నీ వల్ల ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు!" అని గట్టిగా అరచితిని.

మాత్రను అందునట్లుగా బల్లమీద ఉంచినవాడను నేను. తిట్లు తిన్నవాడు వాడు.

వాడు ఏడువలేదు. అదియే నాకు అనుమానము కలిగింపవలసినది. ఆ రాత్రి పక్క తడిపినాడు. మరునాడు అన్నము సహింపలేదు. ఆటకు పోలేదు, తల్లి కొంగు విడువలేదు. రెండవ రాత్రి నిద్రపోవుటకు ముందు తల్లిని మెల్లగా అడిగినాడట: "అమ్మమ్మకి నా వల్లే అలా అయిందా?"

విచారింపగా తెలిసినది. ఆమెకు జబ్బు చేయుటకు ముందునాడు వాడు వాకిటి ముగ్గును తొక్కి చెరిపినాడు. ఆమె అందరు అమ్మమ్మల వలెనే, "నా ప్రాణం తీస్తున్నావురా" అన్నది. మనము దినమునకు ఎన్నిసార్లు ఈ మాట అనుచున్నామో లెక్క లేదు. నాలుగేండ్లవాడు దానిని అక్షరాల నమ్మినాడు. నేను అరచిన అరుపు వాని అనుమానమునకు ముద్ర వేసినది.

సుశ్రుతాచార్యుడు శారీరస్థానము 10వ అధ్యాయమున శిశువును బెదరింపరాదని, భయపడునట్లు హఠాత్తుగా నిద్ర లేపరాదని చెప్పినాడు. గురుకులమున ఈ భాగమును మా గురువుగారు నాచేత వల్లె వేయించినారు. తరువాత ఎందరికో నేను చెప్పితిని. మా ఇంటిలో నేనే తప్పితిని.

మరునాడు వానిని ఒడిలో కూర్చుండబెట్టుకొని, మా గృహిణి మంచము ప్రక్కనే చెప్పితిని: "తప్పు తాతయ్యదిరా. మాత్రలు కింద పెట్టింది నేను. అమ్మమ్మ తలలో రక్తం పారే చిన్న గొట్టానికి అడ్డం పడింది. నువ్వు ముగ్గు తొక్కినందుకు కాదు. ఎవరి వల్లా కాదు. నయం కావడానికి చాలా రోజులు పడుతుంది."

వాడు చాలసేపు ఆలోచించినాడు. పిమ్మట నాకు వైద్యము చెప్పినాడు. "మరి ఆ గొట్టంలో పుల్ల పెట్టి తీయొచ్చు కదా తాతయ్యా? మన కొళాయికి తీశావు కదా!"

మంచముమీద నుండి ఒక ధ్వని వచ్చినది. నేను కంగారుపడి తిరిగి చూచితిని. మా గృహిణి సగము పెదవితో నవ్వుచున్నది. కన్నీళ్లు చెంపలమీద కారుచున్నవి. ఎడమ చేతితో వానిని దగ్గరకు రమ్మని పిలిచినది. పదునాలుగు దినముల తరువాత మా ఇంట వినబడిన మొదటి నవ్వు అది.

తప్పు మాటల ఆట

ఒకటి అనబోయి ఒకటి అనుట మా గృహిణిని చాల బాధించెడిది. ప్రతి తప్పు మాటకును మేము తల దించుకొనెడివారము. అది చూచి ఆమె మాటాడుటయే మానివేయసాగినది. ఒకనాడు గాలి చల్లగా వీచుచుండగా కిటికీ చూపి, "కాఫీ వెయ్యి" అన్నది. మేము మౌనము వహించితిమి. మనుమడు మాత్రము ఎంతో ఆసక్తితో, "కిటికీ తాగుతావా అమ్మమ్మా? పంచదార వెయ్యనా?" అని అడిగినాడు. ఆమెయే ముందు నవ్వినది.

వానికి అది ఒక ఆట అయినది. ఆ రాత్రి భోజనమునకు కూర్చుండి, "అమ్మా, నా అన్నంలో చెప్పు వెయ్యి" అన్నాడు. ఆమె తల ఊపి, పెదవులు కూడదీసికొని, "చెప్పు కాదురా... పప్పు" అన్నది.

ఆ నవ్వు వలన ఆమెకు మాట వచ్చినదని నేను చెప్పను. ఆసుపత్రి వారు ఇచ్చిన మందులు, నెలల తరబడి చేయించిన వ్యాయామము, మాట నేర్పు అభ్యాసము, కాలము, ఇవన్నియు పనిచేసినవి. కాని తప్పు పలుకుదునేమో అను సిగ్గును తీసివేసినవాడు ఆ పసివాడే. సిగ్గు పోయినందున ఆమె అభ్యాసము మానలేదు. హర్షణమునకు గల ఫలము ఇదియే. అది మందుకు బదులు కాదు, మందు పనిచేయుటకు దారి ఇచ్చును.

భాగవత దశమ స్కంధము వినువారికి ఒక సంగతి తెలియును. వ్రేపల్లెకు పూతన, శకటాసురుడు, తృణావర్తుడు వచ్చిన కాలము, బాలకృష్ణుని అల్లరి కాలము, ఒకే కాలము. ఆపదలన్నియు గట్టెక్కిన పిదప బిడ్డను చూచి మురిసికొందమని యశోద వేచియుండలేదు.

పాటింపవలసిన నియమములు

1. రోగి ముందు నవ్వవలెను, తరువాత మనము నవ్వవలెను. రోగి నవ్వని చోట మన నవ్వు ఆమెను గాయపరచును.

2. రోగి నోట ముద్ద గాని, నీరు గాని ఉండగా నవ్వింపరాదు. పక్షవాతము వచ్చినవారికి మ్రింగుట కష్టముగా ఉండును. ఆహారము శ్వాసమార్గమున పడు ప్రమాదము కలదు. భోజనవేళ పసివానిని కొంత దూరముగా ఉంచుట మేలు.

3. మందులన్నియు ఎత్తుగా, తాళము వేసిన చోట ఉంచవలెను. వైద్యుని ఆట ఆడుకొనుటకు వట్టి డబ్బాలు, అటుకులు, కాగితములు మనమే ఈయవలెను. చరకాచార్యుడు శారీరస్థానము 8వ అధ్యాయమున ఆటవస్తువులు రంగురంగులుగా, తేలికగా, ధ్వని చేయునవిగా, మొన లేనివిగా, నోటిలో పట్టనివిగా, ప్రాణహాని, భయము కలిగింపనివిగా ఉండవలెనని చెప్పినాడు. నేటికిని ఇంతకంటె చక్కని నియమము లేదు.

4. ఏడ్చు బిడ్డను, అన్నము తినని బిడ్డను బూచివాడని, దయ్యమని బెదరింపరాదు. పిల్లలను రాక్షస పిశాచాదుల పేర్లు చెప్పి భయపెట్టరాదని ఆ అధ్యాయమునందే కలదు. రోగి ఉన్న ఇంట, "అల్లరి చేస్తే అమ్మమ్మకు ఎక్కువవుతుంది" అనుట బూచివాని కంటె పెద్ద బెదరింపు.

5. జరిగినది చిన్న మాటలలో నిజముగా చెప్పవలెను. "నీ వల్ల కాదు" అను మాట తప్పక చెప్పవలెను. మూడు మొదలు ఆరేడు సంవత్సరముల వయసు బిడ్డ, తాను అనుకొన్నందువలననో, చేసినందువలననో ఇట్లు జరిగినదని నమ్ముట సహజము. బిడ్డ అడుగకున్నను చెప్పవలెను.

6. బిడ్డను వినోదవస్తువు చేయరాదు. పరామర్శకు వచ్చినవారి యెదుట, "మొన్న అన్నావే, మళ్లీ అను" అని అడిగినచో వాని అమాయకత్వము నటనగా మారును. తానే ఇంటిని నవ్వింపవలెనను భారము నాలుగేండ్లవాని భుజములమీద పడరాదు.

7. బిడ్డకు ఒక చిన్న పని ఈయవలెను. అమ్మమ్మకు దువ్వెన తెచ్చి ఇచ్చుట, పువ్వు తెచ్చుట వంటివి చాలును. తానును సేవలో ఉన్నానని తెలిసినచో సగము అల్లరి దానంతట అదియే తగ్గును.

ఇంటిల్లిపాదికి ఆహార విహారములు

సేవ చేయువారు వేళకు తినవలెను. అగ్ని మందగించినపుడు ఒక గుప్పెడు పెసరపప్పును మెత్తగా ఉడికించి, జీలకర్ర, మిరియాల పొడి, కొద్దిగా సైంధవ లవణము చేర్చి, చెంచాడు నేతితో అన్నమున కలిపి తినవచ్చును. రక్తపోటు ఉన్నవారు లవణము తగ్గింపవలెను. కడుపు ఉబ్బరమునకు ఒక గ్లాసు నీటిలో చెంచాడు జీలకర్ర మరిగించి వడగట్టి గోరువెచ్చగా త్రాగవచ్చును.

నిద్ర పట్టనివారు పడుకొనుటకు ముందు గోరువెచ్చని నువ్వుల నూనెను అరికాళ్లకు పది నిమిషములు మర్దించుకొనవలెను. ఈ పాదాభ్యంగనము వాతశమనము, నిద్రాకరము. నూనె కాళ్లతో నడచిన జారిపడుదురు గనుక తుడుచుకొని లేవవలెను. రాత్రి జాగరణమును ఇంటివారు వంతులు వేసికొనవలెను.

బిడ్డకు స్నానము, భోజనము, నిద్ర ఎప్పటి వేళలకే జరుగవలెను. కష్టకాలమున బిడ్డకు ధైర్యమిచ్చునది వేళ తప్పని దినచర్య. వారమునకు రెండుమారులు నువ్వుల నూనెతో ఒడలు రుద్ది వేడినీటి స్నానము చేయించినచో సుఖముగా నిద్రించును. ఇంట సంవత్సరము నిండని శిశువున్నచో ఏ మందుకు అనుపానముగానైనను తేనె నాకింపరాదు.

వైద్యుని ఎప్పుడు చూడవలెను?

పక్షవాతము వచ్చినవారు కారణము లేక ఆగని నవ్వు నవ్వినను, ఆగని ఏడ్పు ఏడ్చినను, అది మెదడునకు తగిలిన దెబ్బవలన కావచ్చును. వారిని తప్పు పట్టక వైద్యునికి తెలుపవలెను. రోగికి గాని, సేవకులకు గాని రెండు వారములకు మించి దిగులు వదలక నిద్రాహారములు తప్పినను, "బ్రతికి ఏమి లాభము" అను మాట ఒక్కసారి వచ్చినను, ఆలస్యము చేయక మానసిక వైద్యుని చూడవలెను. ఇది సత్త్వావజయ చికిత్స అవసరమైన స్థితి. అందు సిగ్గుపడవలసినది లేదు. బిడ్డ పక్క తడుపుట, పీడకలలు, కడుపునొప్పి కొన్ని వారములైనను తగ్గనిచో శిశువైద్యునికి చూపవలెను. అట్టి బిడ్డను కొట్టరాదు, నలుగురిలో ఎగతాళి చేయరాదు.

నేడు మా గృహిణి చేతికర్ర సాయముతో నడచును. కుడి చేయి పూర్తిగా రాలేదు. ఎడమ చేతితో ముగ్గు వేయుట నేర్చుకొన్నది. ఆ గీతలు కొంచెము వంకరగా ఉండును. మనుమడు పెద్ద తరగతులకు వచ్చినాడు. సెలవులకు వచ్చినపుడు వాకిటి ముగ్గు చుట్టి, తొక్కకుండ నడచును. భోజనమునకు కూర్చుండిన పిమ్మట మాత్రము, "అమ్మమ్మా, కొంచెం చెప్పు వెయ్యి" అనకుండ ముద్ద ఎత్తడు. ఆమె పప్పు వడ్డించును.